ఉత్తరం లేని యుద్ధం: వెట్టి, అమెరికా, జగిత్యాల

బానిసత్వం అమెరికాది, కులం మనది అని చరిత్రను రెండు అరల్లో సర్దిపెట్టుకోవడం మన విద్యావంతులకు బాగా అలవాటయింది. 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలినయి, 1863 జనవరి 1న లింకన్ విమోచన ప్రకటన వెలువడింది, 1865లో పదమూడవ సవరణ వచ్చింది. ఇవన్నీ మన డిగ్రీ కాలేజీల పిల్లలు కంఠతా పట్టి రాస్తరు. జగిత్యాల, సిరిసిల్ల పోరాటం కూడా ఇప్పుడు ఉద్యోగ పరీక్షల సిలబస్‌లోకి ఎక్కింది గానీ 'భూస్వామ్య వ్యతిరేక పోరాటం' అన్న శీర్షిక కింద ఎక్కింది. బానిసత్వ వ్యతిరేక పోరాటం అని ఎవరూ రాయలేదు. ఈ పేరు పెట్టుడులోనే అసలు రాజకీయం ఉన్నదని మేమంటున్నం.

ఇండియాలో బానిసలు లేరని మెగస్తనీసు రాసిపోయిండట. ఆ మాటను పట్టుకొని మురిసిపోయే చరిత్రకారులు ఇప్పటికీ ఉన్నరు. వాళ్లు గ్రీకు గ్రంథాలు వెతికే బదులు కోరుట్ల దిక్కు ఒక ముసలాయనతో పది నిమిషాలు మాట్లాడితే సరిపోయేది. 'నీ బాంచెను దొరా, కాల్మొక్త' – తెలంగాణ పల్లెల్లో దొర ముందు నోరు తెరవాలంటే ముందుగా పలకవలసిన మాట ఇది. బాంచ అంటే దాసి. అంటే మనిషి ఏ విన్నపం చేసుకోవాలన్నా ముందుగాల తాను బానిసనని ఒప్పుకోవాలె. ఆ తర్వాతనే నీళ్ల సంగతో, నూకల సంగతో చెప్పుకోవాలె. బానిసత్వాన్ని పలకరింపుగా మార్చుకున్న సమాజం తనలో బానిసలు లేరని చెప్పుకుంటే నవ్వాల్నా, ఏడ్వాల్నా?

ఇంకో మాట చూడండి. పట్నంల జీతం అంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే పైసలు. మా ఊర్లల్ల 'జీతం ఉండుడు' అంటే అప్పు కింద తన ఒంటిని కుదువ పెట్టుడు. తండ్రి పెండ్లికి తెచ్చిన అప్పుకు కొడుకు జీతం ఉంటడు. లెక్క పటేలు రాస్తడు, వేలిముద్ర జీతగాడు వేస్తడు. నిజాం సర్కారు కాగితాల్లో దీన్నే భాగేలా అన్నరు. 1936లో భాగేలా ఒప్పందాల మీద ఒక రెగ్యులేషన్ కూడా తెచ్చిన్రు. దొరబిడ్డ పెండ్లి అయి అత్తగారింటికి పోతుంటే అరణంగా వెంట పంపే ఆడపిల్లను అడబాప అన్నరు. గిన్నెలు, నగలు, పశువులతోపాటు ఒక మనిషి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివినవాళ్లు ఈ మాటను నవలలో చూసి ఉంటరు. వాడల్ల ఉన్నవాళ్లకు నవల అవసరం లేకుండెనే.

వెట్టి ఒక్కొక్క కులానికి ఒక్కొక్క తీరుగా అంటుకుంది. చాకలి బట్టలు ఉతకాలె, మంగలి ఒళ్లు పట్టాలె, కుమ్మరి కుండలు ఇయ్యాలె. మాదిగ చచ్చిన గొడ్డును మోయాలె, తోలు ఊనాలె, మోటబొక్కెన కుట్టాలె, తొండం కుట్టాలె, చెప్పులు కుట్టి దొర కాళ్లకు తొడగాలె గానీ తాను మాత్రం గడీ ముందర చెప్పులు తొడుక్కొని నడవకూడదు. మాల, మాదిగలే సర్కారు మనుషులు ఊర్లోకి వస్తే మూటలు మోసుడు, కబురు పట్టుకొని ఊరూరికి ఉరుకుడు. సుందరయ్య 1972లో వచ్చిన తన తెలంగాణ పోరాట పుస్తకంలో ఈ చాకిరీలన్నీ కులం వారీగా లెక్క పెట్టి రాసిండు. అది ఒప్పుకోవాలె. కానీ లెక్క పెట్టినంతసేపు కులం, విశ్లేషణ దగ్గరికి రాగానే ఒట్టి 'రైతాంగం' అయింది.

బానిసత్వానికీ అంటరానితనానికీ తేడా అంబేడ్కర్ చాలా నిక్కచ్చిగా చెప్పిండు. బానిసను పైసలు పెట్టి కొన్న యజమానికి వాడు బతికుండాలనే స్వార్థమైనా ఉంటది. అంటరానివాని మీద ఎవరూ పైసలు పెట్టలేదు కాబట్టి వాడు చస్తే పోయేదేమీ లేదు. బానిసను ఉంచుకోవాలనే కట్టడి ఎవరికీ లేదు, అంటరానితనం పాటించుడు మాత్రం ప్రతి హిందువుకూ కట్టడి. ఈ రెండూ వేరువేరని చెప్తూనే, ఒకదానికంటే ఒకటి ఎట్లా ఘోరమో ఆయన తూకం వేసిండు. తెలంగాణ వెట్టి ఈ రెండింటినీ ఒక్కచోట కలిపింది. జీతగాణ్ని అప్పుతోని కట్టేసింది, మాదిగను పుట్టుకతోని కట్టేసింది, మాదిగ జీతగాణ్ని రెండింటితోనూ.

ఇక అంతర్యుద్ధం సంగతి. అమెరికాలో 1860 నాటికి దాదాపు 40 లక్షల మంది బానిసలు. పదకొండు రాష్ట్రాలు విడిపోయినయి. ఎందుకు విడిపోయినయంటే, యుద్ధం అయిపోయిన తర్వాత దక్షిణాది పెద్దమనుషులు చెప్పిన కారణం 'రాష్ట్రాల హక్కులు'. యుద్ధం మొదలుకాకముందు మాత్రం వాళ్లు అంత మర్యాద పాటించలేదు. 1861 మార్చిలో ఆ కొత్త ప్రభుత్వ ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ సవానాలో నిలబడి, నల్లవాడు తెల్లవానితో సమానం కాడన్నదే మా రాజ్యానికి మూలరాయి అని కుండబద్దలు కొట్టి చెప్పిండు. ఓడిపోయినంక ఆ మూలరాయిని దాచి మీద 'రాష్ట్రాల హక్కులు' అనే గుడ్డ కప్పిన్రు.

మన దగ్గర ఆ గుడ్డ పేరు సెప్టెంబర్ 17. ప్రతి ఏడూ ఆ రోజు వస్తే చాలు, అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని పార్టీలు కొట్టుకుంటయి. ఒకరికి అది హిందువుల మీద ముస్లిం రాజు పాలన, ఇంకొకరికి ఢిల్లీ సైన్యం దురాక్రమణ. ఈ గొడవలో వెట్టి అన్న మాట ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టండి. నిజాం నిరంకుశుడే, రజాకార్లు హంతకులే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ గడీల్లో కూసున్నది ఎవరు? ఎక్కువమంది వెలమ దొరలు, రెడ్డి దేశ్‌ముఖులు. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చినంక, అంతకుముందు ఊర్లిడిచి పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకొని వాపసు వచ్చిన్రు. అమెరికా దక్షిణాదిలో 1877లో కేంద్ర సైన్యాలు తప్పుకున్నంక పాత యజమానులే శాసనసభల్లో కూసున్నట్టు, కరీంనగర్ జిల్లాలో పాత దొరలే సర్పంచులు, సమితి అధ్యక్షులు అయిన్రు. గడీ మీద జెండా మారింది.

అమెరికా బానిసలను విడిపించింది ఎవరు? లింకన్ అని పుస్తకం చెప్తది. డుబాయిస్ 1935లో రాసిన 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్'లో ఆ జవాబును తలకిందులు చేసిండు. నల్లవాళ్లు తోటలు విడిచి యూనియన్ సేనల దగ్గరికి పోవుడే ఆ యుద్ధాన్ని మార్చింది, అది బానిసల సార్వత్రిక సమ్మె అన్నడు. 1861 మేలో ముగ్గురు మనుషులు ఫోర్ట్ మన్రోకు పారిపోయి వచ్చిన్రు. వాళ్లను వాపసు ఇయ్యాల్నా వద్దా అని సేనాధిపతి తల పట్టుకొని, చివరికి 'యుద్ధంలో పట్టుబడ్డ సరుకు' అని పేరు పెట్టి ఉంచుకున్నడు. మనుషులని ఒప్పుకోవడానికి మనసు రాలేదు, సరుకని ఒప్పుకున్నడు! అయినా ఆ ముగ్గురి వెనుక వేలమంది నడిచిన్రు. యుద్ధం అయిపోయేసరికి దాదాపు 1,80,000 మంది నల్లవాళ్లు యూనియన్ సైన్యంలో ఉన్నరు. లింకన్ ప్రకటన అయితే యూనియన్ పక్షాన నిలిచిన రాష్ట్రాల్లోని బానిసలకు వర్తించనే లేదు.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో జరిగింది ఇట్లాంటి సమ్మెనే. జీతగాళ్లు పని బంద్ పెట్టిన్రు. చాకలి, మంగలి దొర ఇంటికి పోవుడు మానుకున్నరు. పంచాయితీల పేరు మీద దండుగలు వేసి గుంజుకున్న పైసలు వాపసు ఇప్పించిన్రు. సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది మంది జమకూడి జైత్రయాత్ర చేసిన్రు. దొరలు ఊర్లు విడిచి జగిత్యాల, కరీంనగర్, హైదరాబాద్ చేరుకున్నరు. ఇక్కడ ఎవరూ సరిగ్గా చూడని సంగతి ఒకటుంది. సాంఘిక బహిష్కరణ అనేది ఊరు వాడ మీద ప్రయోగించే ఆయుధం. మాదిగవాడు తల ఎత్తితే కూలి బంద్, నీళ్లు బంద్, దుకాణం బంద్. తరతరాలుగా ఇదే రివాజు. 1978లో ఆ ఆయుధాన్నే గడీ దిక్కు తిప్పిన్రు. దొరసాని తన నీళ్లు తానే తోడుకోవలసి వచ్చింది. ఇది కూలిరేట్ల కోసం చేసే సమ్మె కాదు. కుల వృత్తి అనే కట్టును తెంపే పని ఇది. దీన్ని 'భూస్వామ్య వ్యతిరేకం' అనే ఒక్క మాటలో కుదించడం అన్యాయం.

రాజ్యం ఏం చేసింది? రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం అప్పులన్నీ రద్దన్నది, జీతగాణ్ని పట్టి ఉంచిన యజమాని నేరస్థుడన్నది. ఆ చట్టం వచ్చి మూడేండ్లు కూడా నిండకముందే జీతగాళ్లు దాన్ని తమ చేతులతో అమలు చేసిన్రు. 1978 అక్టోబర్ 20న మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చట్టం కింద సబ్ ఇన్‌స్పెక్టర్ కూడా హెచ్చరిక చేసి కాల్చి చంపవచ్చు. వెట్టి చేయించుకున్నప్పుడు ఆ తాలూకాల్లో కల్లోలం కనపడలేదు. వెట్టి ఆగినప్పుడు కనపడ్డది.

ఇక్కడనే అమెరికాతో పోలిక తెగిపోతది. అక్కడ బానిసకు పారిపోయేందుకు ఒక దిక్కు ఉండె. 1850 చట్టం పారిపోయినవాణ్ని పట్టి ఇయ్యాలన్నా సరే, ఒహాయో నది దాటితే ఒక ఉత్తరం ఉండె. మనకు దేశం మ్యాపు మీద చీలలేదు. ప్రతి ఊరు తన లోపల ఊరు, వాడ అని చీలింది. మాదిగ ఏ నది దాటినా అవతల ఇంకో ఊరు, దానికి ఇంకో వాడ. ఇది ఉత్తరం లేని యుద్ధం. అందుకే నాలుగేండ్లలో ముగియలేదు.

1978 పోరాటం గురించి రాసినవాళ్లను కూడా విమర్శించక తప్పదు. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' కరీంనగర్ కూలీలను, జీతగాళ్లను తెలుగు నవల నడిబొడ్డుకు తెచ్చింది. మా తరంలో చాలామందికి మా ఇండ్ల భాష అచ్చులో కనపడ్డది అట్లాంటి పుస్తకాల్లోనే, ఆ రుణం మామూలుది కాదు. అయితే 'రైతుకూలీ' అన్న మాట ఏం చేసిందో కూడా చూడాలె. పదెకరాల రైతునూ, వాడల్ల జీతగాణ్నీ ఒక్క మాటలో కట్టేసింది. దొర పోయినంక ఆ పదెకరాల రైతుకూ జీతగానికీ మధ్య ఏం మిగులుతదన్న ప్రశ్నను ఆ మాట అడగనియ్యలేదు. నాయకత్వంలో ముందు వరుసన కనపడ్డవాళ్లలో అగ్రకులాల చదువుకున్న యువకులు ఉన్నరు. వాళ్ల త్యాగాన్ని మేము తక్కువ చేస్తలేము. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాతనే ఈ ప్రశ్న గట్టిగ బయటికొచ్చింది. ఆ రెండు ఊర్లల్ల చంపింది దొరలు కాదు, రైతులు.

నష్టపరిహారం సంగతి కూడా చూడాలె. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడుదల చేసినప్పుడు ఒక్కొక్క బానిసకు 300 డాలర్ల దాకా ఇచ్చిన్రు – యజమానికి. 1949 ఆగస్టులో హైదరాబాద్‌లో జాగీర్లు రద్దు చేసినప్పుడు జాగీర్దార్లకు పరిహారం కట్టిచ్చిన్రు. తరతరాలు మూటలు మోసినోనికి, తోలు ఊనినోనికి ఎవరు ఏం కట్టిచ్చిన్రు? అక్కడ 1865 జనవరిలో షెర్మన్ నలభై ఎకరాల చొప్పున భూమి అన్నడు, అదే ఏడు అధ్యక్షుడు జాన్సన్ దాన్ని పాత యజమానులకు వాపసు ఇప్పించిండు. మన దగ్గర దొరలు ఊర్లిడిచిపోతూ భూములు అమ్ముకున్నరు. కొనగలిగినోడు కొన్నడు. వాడల్ల ఎందరు కొనగలిగిన్రో ఊరూరు తిరిగి లెక్క తీయవలసిన పరిశోధన ఇంకా మన ముందర ఉన్నది. మన విద్యార్థులు పీహెచ్‌డీలకు అంశాలు దొరకడం లేదంటుంటరు!

ఫూలే 1873లోనే 'గులాంగిరి'ని నీగ్రోల విముక్తికి పాటుబడ్డ అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చిండు. 1946 జూలైలో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాసిండు, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విన్నపం ప్రతి కావాలని. డుబాయిస్ జవాబిచ్చిండు. సరిగ్గా అదే జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలైండు. ఆ ఉత్తరాల సంగతి కడివెండికి తెలియదు, కడివెండి సంగతి ఆ ఉత్తరాల్లో లేదు. తెలంగాణ కమ్యూనిస్టులు వెట్టిని బానిసత్వమని ప్రపంచం ముందర పెట్టి ఉంటే ఈ రెండు తొవ్వలు ఎక్కడో ఒకచోట కలిసేవి కావా అని మాకనిపిస్తది.

2016 అక్టోబర్ 11న జగిత్యాల, సిరిసిల్ల రెండూ జిల్లా కేంద్రాలయినయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి పోయింది. గడీలు చాలావరకు కూలిపోయినయి. ఈ ఊర్ల ఆడవాళ్లు బీడీలు చుడుతున్నరు, మగవాళ్లు దుబాయి, సౌదీ, మస్కట్ పోతున్నరు. పోవుడు అప్పుతోనే. ఏజెంటుకు కట్టే పైసలు మిత్తికి తెచ్చినవి. అక్కడ దిగంగనే పాసుపోర్టు గుంజుకున్నరని చెప్పేటోళ్లు ఊరూరికి ఉన్నరు. సౌదీ అరేబియా బానిసత్వాన్ని చట్టం ద్వారా రద్దు చేసింది 1962లోనే. అక్కడ మన పిల్లలను పనికి పెట్టుకునే ఆసామిని కఫీల్ అంటరు. వాడల్ల కొందరు ముసలోళ్లు మాత్రం ఆ అరబ్బీ మాట పలకరు. 'మా పోరడు సౌదీల జీతమున్నడు' అంటరు.