ఊరంతా అమాయకులే

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచి ఉంటాయి. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ టెక్స్ట్‌బుక్స్ కోసం మొదలైన అలవాటు, ఇప్పుడు ఏ అవసరం లేకపోయినా నెలకోసారి వెళ్తాను. మొన్న వెళ్లినప్పుడు, జీపీఓ సర్కిల్‌కి దగ్గర్లో, ఎంసెట్ గైడ్ల కింద ‘తులసిదళం’ కనపడింది. అట్ట ఊడిపోయింది, లోపల ఏదో అద్దె లైబ్రరీ స్టాంపు. “డెబ్బై ఇయ్యి అన్నా, యండమూరి బుక్ దొరకది” అన్నాడు. యాభైకి ఇచ్చాడు. తాజ్‌మహల్ హోటల్లో కాఫీ చెప్పి తిరగేస్తుంటే చివరి పేజీలో పెన్సిల్‌తో ఎవరో రాసుకున్న ఒకే మాట: “నిజమేనా?”

ఆ ప్రశ్న ఎవరు రాశారో గానీ, గత ఏడాదిన్నరగా నేను ఓటీటీలో చూసిన తెలుగు మిస్టరీ సిరీస్‌లు నాకు ఎందుకు నచ్చలేదో ఆ ఒక్క మాటతో అర్థమైంది. అవి చూశాక ఎవరికీ ఆ ప్రశ్న రాదు. నిజం కాదని వాళ్లే చెప్పేస్తారు.

ముందు సిరీస్‌ల సంగతి చెప్తాను. 2024 నవంబర్‌లో జీ5లో ‘వికటకవి’ వచ్చింది. దర్శకుడు ప్రదీప్ మద్దాలి, ఆరు ఎపిసోడ్లు, తెలంగాణ నేపథ్యంలో మొదటి డిటెక్టివ్ సిరీస్ అని ప్రచారం చేశారు. కాలం 1970లు. ఉస్మానియాలో చదివే రామకృష్ణ (నరేష్ అగస్త్య) అమరగిరి అనే ఊరికి వెళ్తాడు. అక్కడ దేవతల గుట్టకి వెళ్లినవాళ్లు గతం మరిచిపోయి తిరిగొస్తుంటారు, అమ్మవారి శాపం అంటారు ఊరివాళ్లు. 2025 జూన్‌లో అదే జీ5లో ‘విరాటపాలెం: పీసీ మీనా రిపోర్టింగ్’, పోలూరు కృష్ణ దర్శకత్వం, ఏడు ఎపిసోడ్లు. 1980ల నాటి పల్లెటూరు, పెళ్లయిన రోజే పెళ్లికూతురు చనిపోతుంది, ఊళ్లో పెళ్లిళ్లే ఆగిపోతాయి. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ మీనా (అభిజ్ఞ ఊతలూరు) శాపాన్ని నమ్మదు. ఆగస్టులో ఈటీవీ విన్‌లో ‘కానిస్టేబుల్ కనకం’. ఇక్కడా ఊరు, ఇక్కడా మహిళా కానిస్టేబుల్, అమ్మాయిలు మాయమవుతుంటారు. ఈ రెండోదీ మూడోదీ ఒకే కథ అని గొడవ కూడా అయింది. ఎవరిది ముందో నాకు అనవసరం. అసలు ఈ మూడింటి ఎముకల గూడు ఒకటే కదా అన్నదే నా బాధ.

ఆ గూడు ఇది. ఒక ఊరికి భయం ఉంటుంది. బయటి నుంచి, చదువుకున్న, భయం లేని మనిషి వస్తాడు, లేదా వస్తుంది. ఊరివాళ్లు వద్దంటారు. ఈ మనిషి వెతుకుతుంది. శాపం వెనకాల ఒక మనిషి చెయ్యి బయటపడుతుంది. (ఎవరి చెయ్యో చెప్పను, చూడనివాళ్లు ఉంటారు.) ఊరివాళ్లు దండం పెడతారు.

వీటిలో బాగున్నవి లేవని కాదు. ‘వికటకవి’లో పాత హైదరాబాద్‌ని నేను ఇష్టంగా చూశాను. మీనా పాత్రలో అభిజ్ఞ, యూనిఫాం వేసుకున్నా ఊళ్లో నిలబడటానికి చోటు దొరకని పిల్లలా బాగా చేసింది. మొదటి రెండు ఎపిసోడ్లు అయితే ఆపకుండా చూశాను. కానీ మూఢనమ్మకం మీద పోరాటం అని మనం మెచ్చుకునే ఈ ముగింపుల్లో ఏదో పెద్ద మోసం ఉందని నాకు అనిపిస్తోంది. అది చెప్పాలంటే కొంచెం సొంత సంగతి చెప్పక తప్పదు.

మా అమ్మమ్మ వాళ్లది మెదక్ వైపు ఒక చిన్న టౌను. పల్లె కాదు, పట్నమూ కాదు. బస్టాండు, రెండు రైస్ మిల్లులు, ఒక సినిమా హాలు. బాణామతి అనే మాట ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెరిగినవాళ్లకి వివరించక్కర్లేదు. అమ్మమ్మ వాళ్ల గల్లీ చివర ఒక ఆవిడ ఉండేది, ఒంటరి మనిషి. “మంత్రాలు చేస్తది” అనేవాళ్లు. ఎవరు మొదట అన్నారో ఎవరికీ తెలీదు. ఎండాకాలం సెలవుల్లో మేం పిల్లలం ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు పిడికిళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి ఉరికేవాళ్లం. నేను కూడా. మాకది ఆట. ఒక ఏడు పక్కింటి పసిపిల్ల జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఆవిడ దగ్గర ఎవరూ పాలు కొనలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. పాలు కొనలేదు, అంతే. మరుసటి ఎండాకాలం నేను వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంది. రోడ్డుకి ఆనుకుని ఉన్న ఆ స్థలం వచ్చిన కాడికి అమ్ముకుని వెళ్లిపోయిందట. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది.

ఇదే కథని జీ5కి ఇస్తే ఏమవుతుంది? ఆ స్థలం కొన్నవాడు విలన్ అవుతాడు. స్థలం కోసం పసిపిల్లకి వాడే ఏదో పెట్టి ఉంటాడు, పుకారు వాడే పుట్టించి ఉంటాడు. ఆరో ఎపిసోడ్‌లో పోలీసులు పట్టుకుంటారు, ఊరు తప్పు తెలుసుకుంటుంది. కానీ జరిగింది అది కాదు. స్థలం కొన్నాయన మామూలు మనిషి, తక్కువకి వస్తే కొన్నాడు. పిల్ల జ్వరంతోనే పోయింది. కుట్ర లేదు, ప్లాన్ లేదు. గల్లీలో ప్రతి ఇల్లూ కొంచెం కొంచెం చేసింది, అందులో మా అమ్మమ్మ ఇల్లూ ఉంది. ఆ కథలో అరెస్టు చేయడానికి ఎవరూ లేరు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే మర్నాడు ఒక డాక్యుమెంట్ రాస్తాం, అసలు కారణం ఏమిటని. అందులో ఒక్క వాక్యం పట్టే పెట్టె ఉంటుంది. పది మంది పది నెలలుగా చూసీ చూడనట్టు వదిలేసినవి పది ఉంటాయి, అయినా ఆ పెట్టెలో ఎవరో ఒక జూనియర్ మార్చిన ఒక్క లైను రాసి మూసేస్తాం. మన సిరీస్‌ల ఆఖరి ఎపిసోడ్ నాకు ఆ పెట్టెలాగే కనిపిస్తుంది.

ఇక్కడ ‘ట్విన్ పీక్స్’ గుర్తు చేసుకోవాలి, చిన్న ఊరు, చావు, దెయ్యం అనే ఈ వరసకి టీవీలో పెద్ద దిక్కు అదే కాబట్టి. 1990లో అమెరికాలో ఏబీసీ చానల్లో వచ్చింది, డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ తీశారు. లారా పామర్ అనే అమ్మాయి శవం ఒడ్డుకి కొట్టుకొస్తుంది, బయటి నుంచి ఎఫ్‌బీఐ ఏజెంట్ కూపర్ వస్తాడు. మన గూడే. కానీ రెండు తేడాలు. ఒకటి, కూపర్ ఊరికంటే తెలివైనవాడిగా నడవడు. ఊరి కాఫీకి, చెట్లకి ముచ్చటపడిపోతాడు, తన కలల్ని సాక్ష్యంగా తీసుకుంటాడు. రెండోది అసలు సంగతి. లారా అంత్యక్రియల దగ్గర ఆమె బాయ్‌ఫ్రెండ్ బాబీ వచ్చినవాళ్లందరి మీదా విరుచుకుపడతాడు. ఆ పిల్ల కష్టంలో ఉందని మీకందరికీ తెలుసు, ఎవరూ ఏమీ చెయ్యలేదు, నాతో సహా, అని. హంతకుడెవరో తెలియడానికి ఇంకా చాలా ఎపిసోడ్లు ఉండగానే ఆ మాట పడిపోయింది.

చానల్ ఒత్తిడి చేస్తే రెండో సీజన్ మధ్యలో హంతకుణ్ని బయటపెట్టారు. ముప్పై ఐదేళ్లయింది కాబట్టి చెప్పేస్తాను: కన్నతండ్రే. ఆయన్ని పట్టిన దుష్టశక్తి కూడా ఉంది. దెయ్యమా, తండ్రా అంటే సిరీస్ రెండూ అంటుంది. కూతురికి జరిగినదాన్ని దెయ్యం చేసిందనుకోవడం మనుషులకి ఎంత సుఖమో అందులోనే ఒక పాత్ర అడుగుతుంది కూడా. దెయ్యాన్ని తీసేస్తే అదొక నేరవార్త. తండ్రిని తీసేస్తే అదొక దెయ్యాల కథ. రెండూ ఉండబట్టే చూసినవాడికి రాత్రి నిద్ర పట్టదు.

అంత దూరం ఎందుకు, తమిళంలో వచ్చి మనకి డబ్బింగ్‌లో దొరికే ‘సుళల్’ (2022) ఉంది. పుష్కర్-గాయత్రి రాసిన సాంబలూర్ అనే ఊహా పట్టణం. అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది, యూనియన్ ఉంది, అంగాళమ్మ జాతర ఎపిసోడ్ల పొడవునా నడుస్తుంది. అక్కడా చివరికి ఒక మనిషి దొరుకుతాడు. కానీ ఆ దారిలో నోరు విప్పలేకపోయినవాళ్లు, వినీ విననట్టు ఊరుకున్నవాళ్లు కనిపిస్తారు. విరాటపాలెం ఏడు ఎపిసోడ్లు చూశాక, ఆ ఊళ్లో ఏ పంట పండుతుందో, ఎవరు ఎవరి దగ్గర కూలికి పోతారో, ఎవరికి ఎవరు అప్పో నాకు ఒక్కటీ గుర్తు లేదు. భయపడటమే ఆ ఊరి వృత్తి అన్నట్టుంటుంది.

ఇప్పుడు ‘తులసిదళం’ దగ్గరికొస్తాను. 80ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే జనం పత్రిక కోసం ఎదురుచూసేవాళ్లని అమ్మ చెప్తుంది. అందులో ఆస్తి కోసం ఒక పసిపిల్ల మీద కాష్మోరా ప్రయోగం. ఒకపక్క మంత్రగాళ్లు, ఇంకోపక్క డాక్టర్లు, హిప్నాటిజం. రెండు దారులూ పక్కపక్కనే పరిగెడతాయి, పిల్లని ఏది బతికించిందో పాఠకుడికే వదిలేస్తాడు యండమూరి. కథగా అది గొప్ప ఎత్తు. పెన్సిల్‌తో రాసిన ఆ “నిజమేనా?” ఆ ఎత్తు పారిందనడానికి సాక్ష్యం.

కానీ ఆ ఎత్తుకి రంగనాయకమ్మ పెట్టిన పేరు కూడా మనకి తెలుసు: ‘తులసిదళం కాదు, గంజాయిదమ్ము’. కాలేజీ రోజుల్లో ఆ పేరు విని, నవలని నవలగా చదవలేరా ఈవిడ అనుకున్నాను. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను. చేతబడి ఉందేమో అని లక్షల మందికి సందేహం మిగిల్చే పుస్తకం చదివేవాడికి పులకింత. గల్లీ చివర ఒంటరిగా ఉన్న ఆవిడకి కాదు. ఆ సందేహం ఖరీదు ఆవిడే కట్టాలి. తెలంగాణ జిల్లాల్లో మంత్రాల నెపంతో కొట్టడం, పళ్లు పీకడం, చంపడం గురించి పేపర్లో చదవనివాళ్లెవరు?

కాబట్టి నా ఇబ్బంది ఇదీ. దెయ్యాన్ని వదిలేస్తే కథ బాగుంటుంది, కానీ ఎవరి మీదో పడుతుంది. దెయ్యాన్ని విప్పేస్తే ఎవరికీ హాని లేదు, కానీ కథ తేలిపోతుంది. చాలా రోజులు ఈ రెండింటి మధ్యే ఎంచుకోవాలి అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. మన సిరీస్‌లు దెయ్యాన్ని విప్పడం తప్పు కాదు, దెయ్యంతో పాటు ఊరిని కూడా వదిలేయడం తప్పు. శాపం అబద్ధం అని తేలగానే ఆ అబద్ధాన్ని ఇన్నేళ్లు మోసినవాళ్లు మోసపోయినవాళ్లయిపోతారు. ఒక్క చెడ్డవాణ్ని ఇచ్చి ఊరు మొత్తాన్ని కడిగేస్తారు. నిజానికి నమ్మకం అంత అమాయకం కాదు. అది పాలు కొనడం మానేస్తుంది, స్థలం చవకగా కొంటుంది. శాపం తగిలిన ఊళ్లో కూడా లాభపడినవాళ్లు ఉంటారు, వాళ్లందరూ కుట్రదారులు కానక్కర్లేదు.

‘వికటకవి’లో ఇందుకు ఎంత మంచి అవకాశం ఉందో చూడండి. గుట్ట మీదికి పోయినవాళ్లు గతం మరిచిపోతారు. ఊరే ఏదో మరిచిపోవాలనుకుంటోంది అనే వైపు కథ ఒక్క అడుగు వేసినా వేరే సిరీస్ అయ్యేది. మతిమరుపుని వైద్యం చేయాల్సిన జబ్బుగా చూశారు గానీ, జనం కోరుకునే మందుగా చూడలేదు. ఈ వ్యాసం రాస్తూ అమ్మకి ఫోన్ చేసి గల్లీ చివర ఆవిడ పేరేంటని అడిగాను. అమ్మకి గుర్తు రాలేదు. చిన్నమ్మని అడిగితే ఆమెకీ గుర్తు రాలేదు. “అప్పుడు ఎవరన్నరు అట్ల? మేమైతే అనలే” అంది. మేమైతే పిడికిళ్లు బిగించి ఉరికిన మాట నాకు గుర్తుంది.

ఆ రోజు ఆబిడ్స్ నుంచి నాంపల్లి మెట్రోకి నడుచుకుంటూ వచ్చాను. ఆబిడ్స్ అనే పేరు కూడా ఇప్పుడు లేని ఒక షాపుది, ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆబిద్ అనే ఆయన పెట్టుకున్నది. షాపు పోయినా పేరు ఉంది. మా గల్లీలో దానికి తిరగబడింది. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా వైపు జనం పోతూనే ఉన్నారు, అన్ని మతాలవాళ్లూ. వాళ్లని ఆపి మీరు నమ్మేది అబద్ధం అని మన కానిస్టేబుల్ చెప్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. నవ్వొచ్చింది. నమ్మకంలో పూలు పట్టుకెళ్లేదీ ఉంది, పాలు కొనడం మానేసేదీ ఉంది. రెండింటికీ ఒకే ముసుగు తొడిగి ఒకే ఎపిసోడ్‌లో తీసేస్తే ఎలా?

విరాటపాలెంకి రెండో సీజన్ తీస్తారో లేదో తెలీదు. తీస్తే కొత్త శాపం, కొత్త ఊరు వద్దు. అదే ఊరు చాలు. అరెస్టు అయిపోయింది, మీనాకి దండలు పడ్డాయి. మర్నాడు పొద్దున బావి దగ్గర, చనిపోయిన పెళ్లికూతుళ్ల తల్లులూ, ఇన్నాళ్లు వాళ్ల గడప తొక్కనివాళ్లూ ఎదురుపడతారు కదా. ఆ ఎపిసోడ్ నాకు చూడాలని ఉంది.