అయిదు సెంట్ల కాఫీ

చచ్చినవాని కన్నులు చారెడని మనవారు చెప్పుదురు. ఈ సామెత మనుష్యుల విషయమున నెంత నిజమో హోటళ్ల విషయమునను నంత నిజము. తెరచియున్నంతకాలము ఎవ్వరును తలపెట్టని పాత కాఫీశాల, మూతపడిన మరునాటినుండి ఒక తరమువారికి పుణ్యక్షేత్రమగుచున్నది. అమెరికాదేశమున నీ తలపోత యొక సాహిత్యశాఖయే యైనది. డైనర్లనబడు పూటకూళ్లిండ్లు అచ్చట రైలుపెట్టెవలె సన్నగా, పొడవుగా కర్మాగారములలో తయారై దారిప్రక్కకు చేర్చబడుచుండెను. వానిని గూర్చియు, నగరములలోని కాఫీబల్లలను గూర్చియు పుస్తకములు, ఛాయాచిత్రసంపుటములు, చలనచిత్రములు ఎడతెగక వెలువడుచున్నవి. 2021లో లీసా హర్విట్జ్ దర్శకత్వమున వెలువడిన "ది ఆటోమాట్" అను వాస్తవచిత్రము వానిలో నొకటి. దానిని చూచిన పిమ్మట మాకు గలిగిన యానందమును, ఆ యానందము వెంటనే గలిగిన శంకను చదువరుల ముందుంచుచున్నాము.

ఆటోమాటు అనగా నేమో మన చదువరులలో ననేకులకు తెలియకపోవచ్చును. జోసెఫ్ హార్న్, ఫ్రాంక్ హార్డార్ట్ అను నిరువురు వర్తకులు జర్మనీనుండి యంత్రసామగ్రి తెప్పించి 1902లో ఫిలడెల్ఫియా నగరమున నీ భోజనశాలను తెరచిరి. 1912లో న్యూయార్కునందును తెరచిరి. లోపల గోడనిండ చిన్న చిన్న అరలు. ఒక్కొక్క అరకొక గాజుతలుపు. తలుపు వెనుక నొక పళ్లెమున తియ్యని పై ముక్కయో, వేడి మాకరోనియో, ఉడికించిన చిక్కుడుగింజలో యుండును. నికెలు అనబడు అయిదు సెంట్ల నాణెమును సందులో వేసి పిడి త్రిప్పినచో తలుపు తెరచుకొనును. వడ్డించువారు కనబడరు, వారికి బహుమానమీయవలసిన పనియు లేదు. కాఫీ డాల్ఫిను నోటి యాకారమున చేసిన గొట్టమునుండి కప్పులోనికి ధారగా వచ్చుచుండెను. కాచి కొంతసేపైన కాఫీని పారబోసి క్రొత్తది కాచుట యచ్చటి కట్టుబాటు. 1912 మొదలు 1950 వరకు, రెండు మహాయుద్ధములు, వాని నడుమ ఘోరమైన ఆర్థికమాంద్యము గడచినను, న్యూయార్కు ఆటోమాటులో కప్పు కాఫీ వెల అయిదు సెంట్లే!

ఆ మాంద్యకాలమున చేత చిల్లిగవ్వ లేనివారు ఆటోమాటులోనికి వచ్చి, ఉచితముగా దొరకు వేడినీళ్లలో బల్లమీది టమాటా రసమును కలుపుకొని చారుగా త్రాగి పోవుచుండిరట. తరిమివేయువారు లేరు. వెచ్చని గదిలో, చలువరాతి బల్ల యొద్ద, గొప్పవాని ప్రక్కన నొక దరిద్రుడు కూర్చుండగలిగెను. చలనచిత్రమున హాస్యనటుడు మెల్ బ్రూక్స్, సుప్రీముకోర్టు న్యాయమూర్తిగా నుండిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సేనాధిపతియు విదేశాంగమంత్రియునై వర్ధిల్లిన కాలిన్ పవెల్ తమ చిన్ననాటి ఆటోమాటును తలచుకొని మురిసిరి. వీరందరును వలసవచ్చిన కుటుంబముల బిడ్డలే. పవెల్ తల్లిదండ్రులు జమైకాద్వీపమునుండి వచ్చిన నల్లవారు. నాణెము జాతి నడుగదు, గాజుతలుపు కులము నడుగదు. ఇట్టి చోటును తలచుకొని కన్నీరు పెట్టుకొనువారిని మేము పరిహసింపజాలము. మెల్ బ్రూక్స్ తానే కట్టి పాడిన పాటతో చిత్రము ముగియునప్పుడు మా కన్నులును చెమర్చినవని యొప్పుకొనుచున్నాము.

ఆటోమాటు చెడిపోయి మూతపడలేదు; లెక్క కుదరక మూతపడినది. యంత్రపు సందులో నికెలు తప్ప మరియొక నాణెము పట్టదు. కావున ధరలు పెరిగినప్పుడు కాఫీ వెలను ఆరుకో ఏడుకో పెంచు వీలులేక ఒక్కసారిగ పది సెంట్లు చేయవలసివచ్చెను. జనులకు కోపము వచ్చెను, వాడుకదారులు తగ్గిరి. మధ్యతరగతివారు నగరములు విడిచి శివారులకు పోయిరి. 1970 దాటిన పిమ్మట ఆ శాలలలో కొన్ని బర్గరు దుకాణములుగా మారెను. కడపటిది 1991లో న్యూయార్కున మూతపడినది. స్టార్‌బక్స్ కాఫీ వ్యాపారమును లోకమంతట విస్తరింపజేసిన హోవర్డ్ షుల్ట్‌జ్ కూడ ఈ చిత్రమున కనబడి, బాల్యమున చూచిన ఆటోమాటే తనకు స్ఫూర్తియని చెప్పెను. స్ఫూర్తి పొందవచ్చును గాని, ఆ అయిదు సెంట్ల నియమము మాత్రమాయనను తాకినట్లు లేదు.

ఇంతవరకు ప్రశంస. మా శంక ఈ చిత్రమును గూర్చినది కాదు. ఇది రెండు ఉత్తరపు నగరముల కథ, తన కథను తాను చక్కగా చెప్పుకొన్నది. మా శంక ఈ జాతి రచనలన్నిటిని గూర్చినది. వీనిలో బల్ల కనబడును, బల్ల తుడుచు చేయి కనబడదు. లోపల కూర్చున్నవాడు కనబడును, గుమ్మము వెలుపల నిలిచినవాడు కనబడడు.

ఎడ్వర్డ్ హాపర్ అను చిత్రకారుడు ఈ కాఫీశాలలను మూడు ప్రసిద్ధచిత్రములలో వ్రాసెను. 1927 నాటి "ఆటోమాట్" అను పటములో ఒక యువతి రాత్రివేళ ఒంటరిగా కాఫీకప్పు ముందు కూర్చుండియున్నది. ఒక చేతి తొడుగు తీసినది, రెండవది తీయలేదు. వెనుకనున్న కిటికీలో దీపముల వరుస తప్ప వీధి కనబడదు. ఆ పటమును చూచి "అయ్యో, ఏకాకిని" యని జాలిపడువారే యధికము. మాకు జాలికన్న ముందు మరియొక ఊహ తోచినది. ఒంటరి స్త్రీ రాత్రివేళ బహిరంగస్థలమున, ఎవని యనుమతియు లేక, తన డబ్బుతో కాఫీ కొనుక్కొని కూర్చుండుట యప్పటికెంత క్రొత్త సంగతి! 1930లో హాపర్ వ్రాసిన మరియొక పటమునకు "స్త్రీలకు బల్లలు" అని పేరు. అంతకుముందు ఒంటరిగా భోజనశాలకు వచ్చిన స్త్రీని జనులు వేశ్యగా నెంచుచుండిరి. కావుననే స్త్రీలకు బల్లలున్నవని హోటళ్లు ప్రకటించుకొనవలసివచ్చెను. బల్లముందు గుండ్రని ఎత్తుపీటలు మాత్రమే యుండిన డైనర్లు కూడ 1920 ప్రాంతములలో స్త్రీల కొరకు ప్రత్యేకముగా బెంచీలమర్చి పలకలు కట్టినవి. మన యూళ్ల హోటళ్లలోని తెరచాటు "ఫ్యామిలీ రూము" నెరిగిన మన గృహిణులకు ఈ సంగతి వివరింపబని లేదు.

అయినను ఆ రెండవ పటమున ముఖ్యులు భోజనమునకు వచ్చిన స్త్రీలు కారు. కిటికీలో పండ్లు సర్దుచు వంగిన పరిచారిక యొకతె, డబ్బుపెట్టె యొద్ద కూర్చున్న మరియొకతె. ఆటోమాటునందును అంతే: గాజుతలుపు వెనుక ఖాళీయైన అరను మరల నింపినది యంత్రము కాదు. గాజుగదిలో కూర్చుండి కాగితపునోట్లను చూడక చూచి నికెళ్లు విసరుచుండిన స్త్రీలు వ్రేళ్లు అరగకుండ రబ్బరు తొడుగులు వేసికొనుచుండిరి. డైనరును గూర్చిన వ్యాసములలో, అడుగకమున్నే కప్పు నింపి చిరునవ్వు నవ్వు పరిచారిక తప్పక యుండును. ఆ నవ్వునకు వెల యెంత? బహుమానములు పుచ్చుకొను పనివారికి యజమాని గంటకు 2.13 డాలర్లిచ్చిన చాలునని, బహుమానములు కలిపియు కనీసవేతనము చేరనప్పుడే లోటు పూరింపవలెనని, కడపటి ఆటోమాటు మూతపడిన 1991వ సంవత్సరముననే నిశ్చయింపబడెను. కొన్ని రాష్ట్రములు ఎక్కువ వేతనమును విధించినవి గాని, దేశమంతటికి వర్తించు ఆ అంకె ముప్పదియేండ్లు దాటినను మారలేదు. మన కన్యాశుల్కమునందలి పూటకూళ్లమ్మ చీపురుకట్టను తలచుకొని నవ్వని తెలుగువారుండరు. ఆ వితంతువు పొయ్యియొద్ద కూర్చుండి ఎందరి కడుపులు నింపెనో లెక్కించినవారెందరు?

మూడవ పటము లోకప్రసిద్ధము: 1942 నాటి "నైట్‌హాక్స్". అర్ధరాత్రి, నిర్మానుష్యమైన వీధి, మూలమీద పెద్ద గాజుకిటికీ గల భోజనశాల. లోపల ముగ్గురు వచ్చినవారు, తెల్లని దుస్తుల పనివాడొకడు. 1984లో హెల్న్‌వైన్ అను చిత్రకారుడు ఆ నలుగురి స్థానమున చలనచిత్రతారలను కూర్చుండబెట్టి మరల వ్రాయగా, ఆ పటము లెక్కలేనన్ని గోడల కెక్కినది. ఈ మోజునకు ఇంతకన్న మంచి గుర్తు లేదు: పనివాడు కూడ ఎల్విస్ ప్రెస్లీగా మారిపోయెను! మూలచిత్రమున మేము చదువరులను చూడుమనునది వేరొకటి. వీధినుండి లోపలికి పోవు ద్వారము ఆ పటమున లేదు. అది ఏకాంతమును సూచించునని కళావిమర్శకులందురు, కావచ్చును. ఆ యేటనే అమెరికా దారులలో రాత్రి ప్రయాణము చేయుచున్న నల్లజాతి గృహస్థునకు డైనర్లెన్నియో అట్లే కనబడెను. వెలుతురున్నది, కాఫీ యున్నది, ద్వారము లేదు. హాపర్ ఈ యభిప్రాయముతో వ్రాసెనని మేము చెప్పుట లేదు. చూచువాడు మారినచో పటము మారునని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ గృహస్థుని చేతిలో వేరొక పుస్తకముండెను. న్యూయార్కు హార్లెములో నివసించిన తపాలా బంట్రోతు విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 మొదలు ప్రకటించిన "గ్రీన్ బుక్". ఏయూర నల్లవారికి అన్నము పెట్టుదురో, ఏయింట పడుకొననిత్తురో తెలుపు పట్టిక యది. డైనర్లను గూర్చిన సాహిత్యచరిత్ర వ్రాయువారు ఈ పట్టికను గూడ నందు చేర్చుట న్యాయము. అలంకారములు లేవు, ఉపమానములు లేవు. ప్రతి పంక్తియు ప్రాణావసరము.

1960 ఫిబ్రవరి 1వ తేదీన ఉత్తర కరోలినా రాష్ట్రమందలి గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వుల్వర్త్ అంగడిలో చిన్న చిన్న వస్తువులు కొని, రసీదులు తీసికొని, ఆ యంగడిలోనే యున్న భోజనపు బల్ల యొద్ద కూర్చుండి కాఫీ యడిగిరి. ఒక బల్లయొద్ద వారి డబ్బు చెల్లినది. కొన్ని యడుగుల దూరమున మరియొక బల్లయొద్ద చెల్లలేదు. వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చిరి. కొలది వారములలో ఆ కూర్చుండు సత్యాగ్రహము దక్షిణరాష్ట్రములంతట వ్యాపించినది. సత్యాగ్రహమను మాట మేము మోజుకొద్ది వాడుట లేదు. అదే నెలలో నాష్‌విల్ నగరమున విద్యార్థులకు ఉమ్మివేసినను తిరిగి కొట్టకుండ కూర్చుండుట నేర్పిన జేమ్స్ లాసన్, అంతకుముందు మూడేండ్లు మన నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో నుండి గాంధీమహాత్ముని మార్గమును అభ్యసించి పోయినవాడు.

మన దేశమునుండి అది నేర్చుకొనిపోయిరన్న గర్వము క్షణకాలముండగానే, మన కాఫీహోటలు జ్ఞప్తికి రాక మానదు. ఇత్తడి గ్లాసులోని నురుగు, గింజలు వేయించు వాసన, పేపరు చదువుచు గంటలకొలది కూర్చున్న ప్లీడర్లు — ఇట్టి స్మృతులు మన పత్రికలలోను కొదువలేదు. చెన్నపురి రాజధానియందలి ఆ హోటళ్లలో ననేకముల బ్రాహ్మణులకు వేరు గది యుండెను. రైల్వేస్టేషను ఫలహారశాలలలో సైతము అట్లే యుండెను. పంచములకు గుమ్మమే లేకుండెను. రాజ్యాంగము 1950లో హోటళ్లను అందరికి తెరచిన పిమ్మటను, 1957లో చెన్నపట్టణము తిరువళ్లిక్కేణిలో నొక హోటలు పలకమీదినుండి "బ్రాహ్మణ" శబ్దమును తొలగింపించుటకై ఇ. వి. రామస్వామి అనుచరులు నెలల తరబడి నిలిచి చెరసాలలకు పోవలసివచ్చెను. 1955లో అస్పృశ్యతానేరముల చట్టము వచ్చినది. అయినను ఆంధ్రప్రదేశముతో సహా పదునొకండు రాష్ట్రములలో 565 గ్రామములను పరిశీలించి 2006లో ప్రకటింపబడిన గ్రంథము, రమారమి మూడవవంతు గ్రామముల టీదుకాణములలో దళితులకు వేరు గ్లాసులు, వేరు కూర్చుండు స్థలము ఉండెనని తెలిపినది. ఆ గ్లాసును కడుగవలసినవాడును త్రాగినవాడే. పాత కాఫీని గూర్చి వ్రాయు మన రచయితలు ఏ గ్లాసుతో త్రాగిరో కూడ వ్రాసినచో వారి స్మృతులు మరింత రుచించును గాని తగ్గవు.

అమెరికాకు పోయిన మన తెలుగువారు ఈ విషయమున మరింత ఋణపడియున్నారు. భోజనశాలలలో జాతిభేదమును నిషేధించు చట్టము 1964లో వచ్చినది. ఆసియావాసులకు వలసద్వారమును విశాలముగ తెరచిన చట్టము మరుసటి యేట వచ్చినది. మనవారిలో నత్యధికులు అచ్చటికి చేరునప్పటికి ఎత్తుపీట ఖాళీగా నుండెను. అది యెట్లు ఖాళీయైనదో తెలియకయే, దారిప్రక్క డైనరులో కాఫీ త్రాగి, ఆ పాతకాలపు అందమును మెచ్చుకొనుచు మన పత్రికలకు వ్యాసములు పంపుచున్నారు. పంపవలదని మేమనము. బ్రిటనులోని యిటాలియను కాఫీశాలలను, కలకత్తా కాఫీహౌసును, హైదరాబాదు ఇరానీ హోటళ్లను గూర్చియు వ్రాయుడు. చౌక కప్పుతో చిరకాలము కూర్చుండనిచ్చిన చోటు ఎచ్చట నుండినను అది తలచుకొనదగినదే. తలచుకొనునప్పుడు గుమ్మమును గూడ వ్రాయుడని మాత్రమే మా మనవి.

వాషింగ్టను నగరమందలి అమెరికా చరిత్ర జాతీయ ప్రదర్శనశాల వారి సంగ్రహమున 1902 నాటి ఫిలడెల్ఫియా ఆటోమాటు గోడలో నొక భాగమున్నది. గ్రీన్స్‌బరో బల్లలో నొక భాగమును అందే యున్నది. ఆ బల్ల 1960 జూలై 25వ తేదీన నల్లవారికి తెరువబడినది. ఆనాడు మొట్టమొదట కూర్చున్నవారు విద్యార్థులు కారు. ఏండ్ల తరబడి ఆ యంగడిలో పనిచేయుచు, ఆ బల్లమీదికి పోవు తినుబండారములను చేతులార సిద్ధపరచిన నల్లజాతి స్త్రీలను యజమాని పిలిచి, పనిదుస్తులు మార్చుకొని వచ్చి కూర్చుండుడని చెప్పెను. వారు మంచిబట్టలు కట్టుకొని వచ్చి కూర్చుండిరి. వారిలో నొకామె గ్రుడ్డు సలాడు పెట్టిన రొట్టెను తెమ్మని చెప్పెను. అది యామె స్వయముగా చేసినదే.