వంటలక్క కూలి ఎంత? తెలుగు ధారావాహికల్లో స్త్రీశ్రమ చిత్రణ: గార్లదిన్నె నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు టెలివిజన్ ధారావాహికల్లోని స్త్రీపాత్రలపై విమర్శ తరచుగా రెండు ప్రశ్నల వద్ద ఆగుతుంది: నాయికకు అంత సహనం ఎందుకు, ప్రతినాయికకు అంత క్రౌర్యం ఎందుకు? ఈ ప్రశ్నలు అవసరమైనవే. అయితే మంచి స్త్రీ, చెడ్డ స్త్రీ అని ధారావాహిక చేసిన విభజననే ఇవి అంగీకరిస్తాయి. నాయిక చేసే పనికి కథలో ఉన్న విలువ ఏమిటన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న.

స్టార్ మాలో 2017 నుండి 2023 వరకు ప్రసారమైన ‘కార్తీక దీపం’ ఇందుకు తగిన ఉదాహరణ. ఇది మలయాళ ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. మూలంలో నాయికగా నటించిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీప. మేనిఛాయ కారణంగా చిన్నచూపుకు గురైన దీప, భర్త అనుమానం వల్ల అతనికి దూరమై, వంటపనితో బిడ్డను పెంచుతుంది. ప్రేక్షకులు ఆమెను ‘వంటలక్క’గానే గుర్తుంచుకున్నారు. శ్రమించే స్త్రీని కథాకేంద్రంలో నిలపడం విశేషమే. కాని ఆ వంట జీవనోపాధిగా కాక పాతివ్రత్య పరీక్షాకాలానికి చిహ్నంగా మిగిలింది. కథను నడిపించే ప్రధాన ఉత్కంఠ ఆమె సంపాదన గురించి కాదు, భర్త అనుమానం ఎప్పుడు తీరుతుందన్నదే. ఆమె నలుపు సైతం నటి ముఖాన పూసిన రంగే.

2020లో మొదలైన ‘ఇంటింటి గృహలక్ష్మి’ బెంగాలీ ‘శ్రీమొయీ’కి పునర్నిర్మాణం. ఇందులో తులసి చేసే ఇంటిచాకిరీ స్పష్టంగా కనిపిస్తుంది. అయినా దానికి ప్రతిఫలంగా కథ ఆశించేది కుటుంబ సభ్యుల కృతజ్ఞతే; శ్రమపై హక్కు అన్న భావన వెనుకబడుతుంది.

ఈ లోపం అనంతపురం జిల్లా గార్లదిన్నె వంటి చోటు నుండి చూస్తే మరింత స్పష్టమవుతుంది. ఈ మండలంలోని పెనకచెర్ల వద్ద మధ్య పెన్నార్ జలాశయం ఉన్నా, మెట్టచేలకు వానే దిక్కు. వేరుశనగలో కలుపు తీయడం, కాయలు కోయడం, బుడ్డలు ఒలవడం ఆడవాళ్ల పనులు. వాన తప్పిన ఏడు ఉపాధి హామీ పనే ఆధారం. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభమైంది. చట్టం స్త్రీపురుషులకు సమాన కూలిని నిర్దేశించింది. మస్టరులో స్త్రీ పేరు, పనిచేసిన దినాలు నమోదవుతాయి. ప్రభుత్వ కాగితం గుర్తించిన శ్రమను కథ గుర్తించకపోవడం ఆలోచించదగినది.

అతినాటకీయత ఈ ప్రక్రియకు సహజమని, వాస్తవికతను ఆశించడం తగదని వాదించవచ్చు. కాని కూలిడబ్బు ఎవరి చేతికి చేరాలి, అప్పుకు కట్టాలా, బిడ్డ చదువుకు దాచాలా అన్న సంఘర్షణలో నాటకీయతకు కొదవ లేదు. కరువునేలలో ఇంటి నిర్ణయాలపై స్త్రీకి గల అధికారం చాలావరకు ఆ డబ్బుతోనే ముడిపడి ఉంటుంది. శ్రమను త్యాగంగా మార్చే కథ ఆ అధికారాన్నే కనుమరుగు చేస్తుంది.

కనుక పరిశోధకులు స్త్రీపాత్రలను ఉత్తమ, దుష్ట వర్గాలుగా లెక్కించడంతో సరిపెట్టుకోరాదు. ఆ పాత్ర ఏం పని చేస్తుంది, కూలి ఎవరిస్తారు, దాన్ని ఖర్చుపెట్టే నిర్ణయం ఎవరిది అన్న మూడు ప్రశ్నలను ప్రతి ధారావాహికకూ వేయాలి. వాటికి కథలో జవాబు దొరకని చోటే విమర్శ మొదలు కావాలి.