తని మొదలైందని లేవకండి

పిల్ల సంగీతం నేర్చుకుంటోందని తెలిస్తే చాలు, మా వికారాబాదులో ఏ ఇంటికి వెళ్లినా "ఏదీ, ఒక పాట పాడమ్మా" అంటారు. పాడుతుంది. "బాగా పాడింది" అని స్వీటో, హాటో ప్లేట్లో పెడతారు. ఈ మధ్య ఏ కచేరీ విన్నావమ్మా అని మాత్రం ఎవరూ అడగరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అన్నీ వరుసగా ఫోన్లో క్లాసులు పెట్టించుకుని నేర్పిస్తున్నాం. ఫీజు కడుతున్నాం, పోటీలకు పంపుతున్నాం. వంట నేర్చుకునే పిల్ల రోజూ ఆ వంట తింటూనే నేర్చుకుంటుంది. పాట నేర్చుకునే పిల్లకు మాత్రం ఏడాదికి ఒక్క నిండు భోజనమైనా పెట్టం.

మాకు కచేరీ వినాలంటే హైదరాబాదే దిక్కు. ఆదివారం నగరం వాళ్లంతా అనంతగిరి గుట్టలెక్కి సెల్ఫీలు దిగుతుంటే, నేనూ మా అమ్మాయీ ఎదురుదారిన రైలెక్కాం. మా గుట్టల్లో పుట్టిన మూసీ కూడా అటే పోయింది కదా! 1874 నుంచీ నడుస్తున్న వాడి–సికింద్రాబాదు లైను ఉండగా మాకు దారికి లోటు లేదు. లోటల్లా తిరుగు ప్రయాణానికే. కచేరీలో ప్రధాన కృతి సరిగ్గా రాత్రి బండికి బయల్దేరాల్సిన వేళకే మొదలవుతుంది. అందుకని చందానగర్‌లో మా ఆడపడుచు ఇంట్లో పడుకుంటామని ముందే చెప్పి పెట్టుకున్నాం. దూరం నుంచి వచ్చేవాళ్లకు నా సలహా ఇదే: టికెట్ కంటే ముందు రాత్రి బస చూసుకోండి. టికెట్ సంగతంటారా, మన నగరంలో శాస్త్రీయ సంగీతం చాలావరకు ఉచితమే. రవీంద్రభారతిలో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఎన్ని సాయంత్రాలు సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయో వెళ్లేవాళ్లకు తెలుసు. నిండిన సగంలోనూ తెల్లజుట్టే ఎక్కువ.

ఇక సన్మానాల గురించి చెప్పకుండా ఉండలేను. ఏ సభ అని చెప్పను గాని, ఆ రోజు శాలువాలకూ జ్ఞాపికలకూ పట్టిన సమయంలో ఒక రాగం, తానం పాడేసుకోవచ్చు. గాయని తంబుర పక్కన ఓపిగ్గా కూర్చుంది. మా అమ్మాయి ఆవులించింది. దాన్ని నేనేం తప్పుపట్టను.

ఆ విరామంలో ఒక మేలు జరిగింది. మృదంగ విద్వాంసుడు వాద్యాన్ని నిలబెట్టి, ఒక చిన్న డబ్బా తీసి, తడిపిన రవ్వను ముద్ద చేసి ఎడమ మూత నడుమ అద్దుతున్నాడు. "అమ్మా, అది ఉప్మా రవ్వ కదా?" అంది అమ్మాయి. ఉప్మా రవ్వే. ఆ తడి బరువుకే ఎడమ వైపు మంద్రంగా మోగుతుంది. ఆ రవ్వ ఆరిపోతే నాదం మారిపోతుంది. తర్వాత ఆయన మృదంగాన్ని తిప్పి, కుడి మూత అంచు మీద చిన్న రాయితో తడుతూ శ్రుతి సరిచేశాడు. పుట్టిల్లు నాపరాళ్ల తాండూరు కావడం వల్ల రాయి చప్పుడు నాకు కొత్త కాదు. ఒక్కో దెబ్బకు శ్రుతి అంగుళంలో వందో వంతు జరగడం మాత్రం అప్పుడే చూశాను. ఫోన్ క్లాసులో ఇది కనపడదు. శ్రుతి అంటే పెట్టె బటన్ నొక్కితే వచ్చేదనే పిల్లలు అనుకుంటారు.

కచేరీ కల్యాణి రాగానికి వచ్చేసరికి అమ్మాయి తొడ మీద తాళం వేస్తోంది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఆదితాళం అది ఇంట్లో బాగానే వేస్తుంది. ఇక్కడ పాట రెండు కళల్లో నడుస్తోంది, ప్రతి క్రియా రెండేసి సార్లు. అయినా నెట్టుకొచ్చింది. కృతి అయి తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలైంది. మా వరుసలో సగం మంది కాఫీకి లేచారు. మృదంగం, ఘటం ఒకదాని తర్వాత ఒకటి చేతులు మార్చుకుంటూ లెక్కను విరుస్తున్నాయి, అతుకుతున్నాయి. అమ్మాయి చెయ్యి తప్పింది. బిక్కమొహం వేసింది. తల ఎత్తి గాయని చేతిని చూసింది. ఆమె తొణక్కుండా తాళం వేస్తోంది. ఆ చేతిని పట్టుకుని మళ్లీ కలిసింది. చివర ముక్తాయింపు ముమ్మారు వేసి, మృదంగం ఆగిన చోటే గాయని పల్లవి ఎత్తుకునేసరికి అమ్మాయి నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది. కాఫీకి వెళ్లినవాళ్లు తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు, దేనికో తెలియకుండానే.

మంగళానికి ముందు చిన్న కృతుల్లో స్వాతి తిరునాళ్‌ది ఒకటి వచ్చింది. "మన గుట్ట మీది దేవుడి పేరు!" అని అమ్మాయి గుసగుసలాడింది. నిజమే. తిరువనంతపురం అనంతపద్మనాభుణ్ని కొలిచిన ఆ రాజు (1813–1846) తన రచనలకు పద్మనాభ ముద్ర వేసుకున్నాడు. అనంతగిరి గుట్ట మీద ఉన్నదీ అనంతపద్మనాభస్వామే. పుస్తకంలో చదివిన ముద్ర అనే మాటకు అక్కడ ఒక ముఖం దొరికింది.

వినికిడి మీద పెరిగిన ఇళ్ల గురించి పెద్దలు చెబుతారు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారం సాయంత్రాలు ఇంట్లోనే వాయిస్తే రసికులు ఊపిరి బిగపట్టి వినేవారట. ఆ ఇంటి పిల్లలు ఆ వాద్యం చెవిన పడుతుండగానే పెరిగారు. కూతురు జయమ్మాళ్ పాడుతుంటే మనవరాలు బాలసరస్వతి అభినయించింది, అదీ మన క్షేత్రయ్య తెలుగు పదాలకు. మదురైలో తల్లి షణ్ముఖవడివు వీణ వింటూ పెరిగిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1966లో ఐక్యరాజ్యసమితిలో పాడినప్పుడు పక్కన గొంతు కలిపింది రాధే, ఆమె పెంచిన కూతురే. మన డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1913–2013) వృత్తికి వైద్యుడు. పెద్దల కచేరీలు విని, చెవితో పట్టుకుని, తన బాణీ దిద్దుకుని నేదునూరి, వోలేటి వంటి గాయకులకు నేర్పారు. వీళ్లెవరూ పాఠంతోనే సరిపెట్టుకోలేదు.

మీ పిల్లకు పాడటం వచ్చినా రాకపోయినా ఈసారి ఒక పూర్తి కచేరీకి తీసుకెళ్లండి. వర్ణం మొదలవకముందే వెళ్లి, వేదికకు ఎదురుగా ఎడమ చేతి వైపు కూర్చోండి, మృదంగం సాధారణంగా అటే ఉంటుంది. ఫోన్ బ్యాగులో పెట్టండి. తని మొదలైనప్పుడు మాత్రం దయచేసి లేవకండి, కాఫీ మంగళం పాడాక తాగుదాం.