తెగిన పోగు దగ్గర ఆగాలి

మా ఇంటి వెనక సందులో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు తెల్లవార్లూ వినిపిస్తూనే ఉంటుంది. సూరత్‌లో లింబాయత్ వైపు కాపురమున్న తెలుగువాళ్ళకు ఆ చప్పుడు వింటూంటేనే నిద్ర పడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. అలాంటి ఇంట్లోనే పుట్టాను. మున్సిపల్ తెలుగు మీడియం బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి, 58 ఏళ్ళకు రిటైరయ్యాను.

ఆ రోజు నా దగ్గర ఒక లెక్క ఉంది. చేతికొచ్చిన డబ్బుతో ఊళ్ళో పాత ఇంటికి పైకప్పు వేయించాలి. దసరాకల్లా నేనూ మా ఆవిడా నవజీవన్ రైలెక్కి వరంగల్‌లో దిగాలి. మిగిలిన రోజులు అక్కడే గడపాలి.

రిటైరైన ఐదో నెలలో ఒక ఉదయం మా ఆవిడ చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. పైకప్పు కోసం దాచిన డబ్బు ఆసుపత్రికి, ఫిజియోథెరపీకి అయిపోయింది. టికెట్లు రద్దు చేశాను.

తర్వాత దాదాపు ఏడాది, "ఎట్లుంది సారూ?" అని ఎవరడిగినా "బాగనే ఉంది" అనేవాణ్ణి. వంట చేసేవాణ్ణి, ఆమెకు స్నానం చేయించేవాణ్ణి, మందులు వేళకిచ్చేవాణ్ణి. పైకి అన్నీ నడుస్తున్నాయి. నిద్ర మాత్రం పోయింది. పేపరు మడత విప్పాలనిపించేది కాదు. గిన్నె ఒలికిందని ఆమెను కసురుకుని, ఆమె కళ్ళు చూసి రాత్రంతా కుమిలిపోయేవాణ్ణి.

మా సందు చివరి మరమగ్గాల కార్ఖానాలో నలభై ఏళ్ళు సాంచాలు నడిపిన పెద్దాయన ఒకరున్నారు. ఒక సాయంత్రం నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పాత సాంచా ముందు నిలబెట్టారు.

"సూడు సారూ. పేక తెగితే సాంచ తనంతల తనే ఆగుతది. పడుగు పోగు తెగితే ఆగది, నడుస్తనే ఉంటది. మనం సూడకపోతే తానంత సందు పడుతది. నీ పోగు ఎన్నడో తెగింది. నువ్వు ఆపుతలేవు."

నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, ఈ సంగతి చిన్నప్పుడే చూశాను. పడుగులో వేల పోగులుంటాయి. ఒకటి తెగితే గుడ్డ చిరిగిపోదు. సన్నని గీతలా ఒక ఖాళీ మొదలై మగ్గం నడిచినంత మేరా సాగుతుంది. తాను విప్పి వెలుతురుకు పట్టినప్పుడుగానీ అది కనిపించదు. అందుకే మంచి నేతగాడి కన్ను ఎప్పుడూ పడుగు మీదే ఉంటుంది. పోగు తెగగానే మగ్గం ఆపుతాడు. తెగిన కొస వెతికి, కొత్త పోగు ముక్క ముడివేసి, దాని చోటు నుంచే అచ్చులోకి లాగుతాడు. పక్క పోగు సందులోంచి లాగితే ఇంకో తప్పు పడుతుంది.

ఆ రాత్రి నోటు పుస్తకం తీశాను. "నా బతుకు పాడైంది" అని రాయబోయి ఆగాను. తెగినవేవో ఒక్కొక్కటే రాశాను. ఊరు. ఆమె మాట. పాఠం చెప్పే నా పని. డబ్బు ధైర్యం. మొత్తం బతుకంతా తెగిందనుకున్నది, రాసి చూస్తే నాలుగు పోగులు.

ఊరికి వెళ్ళలేం గనక ప్రతి ఆదివారం బావమరిదికి ఫోన్ చేసి వానలు, పంటలు, పెళ్ళిళ్ళు అడుగుతున్నాను. ఆమె ఎడమ చేతికి పలక బలపం ఇచ్చాను. అ ఆల నుంచి మొదలుపెట్టాం. రాసిన అక్షరాన్ని పైకి పలికిస్తాను. నాకు పాఠం, ఆమెకు మాట, రెండూ ఒకే పలక మీద దొరికాయి. డబ్బు విషయం పిల్లల దగ్గర దాచడం మానేశాను. నిద్ర సంగతి డాక్టరుకు చెప్పాను. పక్షవాతం వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మంది కుంగుబాటుకు లోనవుతారని, వాళ్ళను చూసుకునేవాళ్ళకూ అది వస్తుందని, దానికి వైద్యం ఉందని అప్పుడే తెలిసింది. పలక పట్టినా కొన్ని సాయంత్రాలు ఇద్దరం మాట్లాడకుండా కూర్చుంటాం. అదీ ఆ రోజు పనిలో భాగమే అనుకుంటాం.

తెగిన పోగును ముడివేసుకోవడం ఈ సూరత్‌కూ తెలుసు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ గదుల్లోంచి వీధుల్లోకి పంపారు. చెత్త ఎత్తడం, కాలువ తీయడం, మర్నాడు మళ్ళీ అదే. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్ళొచ్చి ఊరు మునిగింది. బురద తోసి మళ్ళీ సాంచాలు తిప్పారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది ఇదే సూరత్. రోజువారీ చిన్న పనితోనే ఊరు కోలుకుంది.

అయినా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. నాకు పింఛనుంది. నన్ను ఆ సాంచా ముందు నిలబెట్టిన పెద్దాయనకు లేదు. పన్నెండు గంటల షిఫ్టుల్లో జీవితం అరగదీసుకున్న చాలామందికి లేదు. తెలంగాణలో 50 నిండిన చేనేత కార్మికులకు నెలనెలా పింఛను ఉన్నా, ఆ రాష్ట్రంలో ఉండనివాళ్ళకు అది అందదు. వట్టి ధైర్యవచనాలు వాళ్ళ పొయ్యి వెలిగించవు. కుల సంఘాలు, గుడి కమిటీలు ముందు ఈ పోగు పట్టుకోవాలి. 70 నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ముసలివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి దాన్ని తీయించేవాళ్ళు కావాలి.

మనసు బాగోలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో పగలూ రాత్రీ, తెలుగులో కూడా, ఉచితంగా మాట్లాడతారు. వృద్ధుల సాయానికి 14567 ఉంది. ఈ రెండు నంబర్లూ మా వంటింటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించాను.

రిటైరైన మీ అన్న, మీ బాపు, పక్కింటి సారు "బాగనే ఉంది" అంటే అక్కడితో వదలకండి. పక్కన కూర్చుని మళ్ళీ అడగండి. మీ పోగే తెగి ఉంటే, మగ్గం ఆపి ఎవరో ఒక్కరికి చెప్పండి. ఈ వారమే చెప్పండి.