పూతన పాలు, కంసుని ఆజ్ఞ: మన కళలలో హంతకురాలి రూపం

హత్యను న్యాయస్థానం చూసే తీరు వేరు, కళ చూసే తీరు వేరు. జరిగిన పనిని, చేసిన మనిషిని, ఆ పని వెనుకనున్న ఉద్దేశాన్ని సాక్ష్యాధారాల పరిధిలో విచారించడంతో న్యాయస్థానం బాధ్యత తీరుతుంది. కళకు అంతకంటె విశాలమైన స్వేచ్ఛ ఉన్నది. అది హంతకుని అంతరంగంలోకి ప్రవేశించగలదు, నేరానికి పూర్వాపరాలను అన్వేషించగలదు. అయితే ఒకరి తరువాత ఒకరిగా పలువురి ప్రాణాలు తీసిన స్త్రీని చిత్రించవలసి వచ్చినప్పుడు మన కళలు ఈ స్వేచ్ఛను అరుదుగానే వినియోగించుకున్నాయి. ఆమె ఎందుకు చంపింది, ఎవరి కోసం చంపింది అన్న ప్రశ్నలు వెనుకబడి, ఆమె స్త్రీ ధర్మాలలో దేనిని తప్పింది అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. పాలిచ్చే తల్లి, మోహింపజేసే సుందరి, ఇల్లాలు అన్న మూడు పాత్రలలో ఏదో ఒకటి విషంగా మారిన కథగానే హంతకురాలి కథ మనకు చేరింది. ఈ సంప్రదాయాన్ని పరిశీలించడం, దానికి భిన్నంగా నిలిచిన కొన్ని కృతులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తల్లి పాత్ర విషంగా మారిన కథలలో పూతన కథ అగ్రగణ్యం. భాగవత దశమ స్కంధంలో పూతన వ్రేపల్లెకు రాకముందే శిశుహంతకిగా పేరుపడినది. పురాలలో, పల్లెలలో, వ్రేపల్లెలలో తిరుగుతూ పసికందులను చంపడమే ఆమె పని. సుందరరూపం ధరించి నందుని ఇంట ప్రవేశించి, విషం పూసిన చన్ను బాలకృష్ణుని నోటికి అందిస్తుంది. కృష్ణుడు పాలతోపాటు ఆమె ప్రాణాలను కూడ పీల్చివేస్తాడు. ఆమె కళేబరాన్ని గొడ్డళ్ళతో నరికి దహనం చేసినప్పుడు ఆ పొగ అగరు వాసన వేసిందని, స్తన్యమిచ్చిన కారణంగా ఆమెకు తల్లికి తగిన సద్గతి లభించిందని భాగవతం చెబుతుంది. భక్తి దృష్టితో చూస్తే భగవంతుని కారుణ్యానికి ఇంతకు మించిన నిదర్శనం ఉండదు. పోతన తెలుగు చేసిన ఈ ఘట్టాన్ని తరతరాలుగా తెలుగువారు ఆ భావంతోనే విన్నారు.

కాని ఈ కథలో సులభంగా మరచిపోయే అంశం ఒకటి ఉన్నది. పూతన తనంతట తాను వచ్చినది కాదు. పసిపిల్లలను వెదకి చంపవలసినదిగా ఆజ్ఞాపించినవాడు కంసుడు. అంతకు పూర్వం దేవకి బిడ్డలను స్వయంగా చంపినవాడు కూడ అతడే. అయినా శిశుహత్య అనగానే మన స్మృతిలో మెదిలే బొమ్మ కంసునిది కాదు, విషస్తని అయిన పూతనది. రాజు చేసిన హత్య రాజనీతిలోని క్రూరత్వంగా మిగిలిపోగా, అతని సేవకురాలు చేసిన హత్య స్త్రీత్వానికే కళంకంగా స్థిరపడినది.

దీనికి మూలం పురాణంకన్న పాతది కావచ్చు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం తొమ్మిది బాలగ్రహాలను పేర్కొన్నది. పూతన, అంధపూతన, శీతపూతన, రేవతి, శకుని, ముఖమండిక మొదలైన స్త్రీ నామాలే వాటిలో అధికం. పసిపిల్లలకు వచ్చే జ్వరాలు, విరేచనాలు, మూర్ఛలు, పాలు పట్టకపోవడం వంటి బాధలను ఈ పేర్లతో వర్గీకరించారు. కారణం తెలియని శిశుమరణం ముందు నిలిచిన సమాజం, ఆ భయాన్ని ఒక స్త్రీ రూపానికి అప్పగించినదని ఈ పేర్లు సూచిస్తున్నాయి. బిడ్డను బ్రతికించగలది తల్లి పాలు గనుక, చంపగలది కూడ ఏదో ఒక స్త్రీ పాలే అయి ఉండాలన్న ఊహ ఇందులో కనిపిస్తుంది.

రంగస్థలం ఈ ఊహను కొంతవరకు ప్రశ్నించినది. పద్దెనిమిదవ శతాబ్దంలో అశ్వతి తిరునాళ్ రామవర్మ రచించిన ‘పూతనామోక్షం’ కథకళి ప్రదర్శనలలో విశేషాదరణ పొందినది. ఇందులో పూతన భయంకర వేషంతో గాక, లలిత అనే సుందర వేషంతో రంగప్రవేశం చేస్తుంది. గోకుల వైభవాన్ని తిలకిస్తుంది, బాలుని చూచి మురిసిపోతుంది. బిడ్డను చంపడానికి చేతులు రాక వెనుదిరగబోతుంది. కంసుని ఆజ్ఞ గుర్తుకు వచ్చి ఆగిపోతుంది. నటుని నేత్రాభినయంలో వాత్సల్యమూ భయమూ ఒకదానితో ఒకటి పెనగులాడే ఆ కొద్ది సమయంలో పురాణం విడిచిపెట్టిన ఖాళీ పూరింపబడుతుంది. స్త్రీలే అభినయించే నంగ్యార్ కూత్తులోను పూతన కథ ప్రముఖమైనది. చంపబోయే క్షణాన ఆమెకు సంశయం కలిగిందంటే, ఆమె ఎంచుకొనగల మనిషి అని అర్థం. ఎంచుకొనగలిగినది గనుకనే ఆమెకు బాధ్యత ఉన్నది. కేరళ రంగస్థలం పూతనను నిర్దోషిగా ప్రకటించలేదు. ఆమెను విచారణకు అర్హురాలిని చేసినది.

సౌందర్యం విషంగా మారిన కథకు విషకన్య ఉదాహరణ. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’లో నందుల మంత్రి రాక్షసుడు చంద్రగుప్తుని చంపడానికి విషకన్యను ప్రయోగిస్తాడు. చాణక్యుడు ఆ ప్రయోగాన్ని పర్వతకుని వైపు మళ్ళిస్తాడు. పర్వతకుడు మరణిస్తాడు, ఆ నింద రాక్షసుని మీద పడేటట్లు చాణక్యుడు వదంతి పుట్టిస్తాడు. నాటకం ప్రారంభమయ్యే సరికి ఇదంతా జరిగిపోయినది. విషకన్య రంగం మీదకు రాదు, ఆమెకు పేరు లేదు, పర్వతకుని మరణానంతరం ఆమె ఏమైనదో ఎవరూ అడగరు. అసలు ఈ నాటకంలో చందనదాసుని భార్యను మినహాయిస్తే చెప్పుకోదగిన స్త్రీపాత్రయే లేదు. ఇద్దరు మంత్రుల మేధస్సును, స్వామిభక్తిని మనం శతాబ్దాలుగా ప్రశంసిస్తూ వచ్చాము. వారి చేతిలో ఆయుధమైన స్త్రీ గురించి మాత్రం ఆమె దేహం విషమయమన్న ఒక్క సంగతినే గుర్తుంచుకున్నాము. తరువాతి కాలపు కథలలో, చలనచిత్రాలలో విషకన్య అన్న మాట స్వయంగా మగవారిని వెంటాడే మోహినికి పర్యాయపదమైనది. పంపినవాడు కథలోనుండి తప్పుకున్నాడు, విషం ఆమె స్వభావమై కూర్చున్నది.

ఈ నేపథ్యంలో హారీతి కథ ప్రత్యేకంగా స్మరించదగినది. బౌద్ధ గాథల ప్రకారం హారీతి రాజగృహంలోని పిల్లలను అపహరించి భక్షించే యక్షిణి. ఆమెకు ఐదువందల మంది బిడ్డలు. బుద్ధుడు ఆమెను సంహరించలేదు. ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర క్రింద దాచాడు. బిడ్డ కనిపించక తల్లడిల్లి వచ్చిన ఆమెకు, ఐదువందలలో ఒక్కడు లేకపోతేనే నీకింత శోకమైతే, ఒకరిద్దరు బిడ్డలే ఉన్న తల్లుల శోకమెంతటిదో తెలియజెప్పాడు. హారీతి తన పనిని మానుకొని శిశువులకు రక్షకురాలైనది. అజంతా రెండవ గుహలో హారీతీ పాంచికులకు ప్రత్యేకంగా ఒక గర్భాలయమే ఉన్నది. విగ్రహాల పైభాగాన ఆమె పూర్వకథ, పీఠం దిగువన ఆడుకునే పిల్లలు చెక్కబడినారు. శిల్పి ఆమె గతాన్ని చెరిపివేయలేదు, ఆ గతంతోనే ఆమెను పూజార్హురాలిని చేశాడు. ఏడవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, విహారాల భోజనశాలలలో హారీతి ప్రతిమ ఉండేదనీ, ఆమెకు నిత్యం ఆహారం నివేదించేవారనీ వ్రాశాడు. పూతనకు మోక్షం మరణంలో లభించినది, ఆమె అనుమతితో నిమిత్తం లేకుండ లభించినది. హారీతికి పరివర్తన అవగాహనవల్ల కలిగినది. ఇతరుల దుఃఖాన్ని అర్థం చేసుకొనగల బుద్ధి హంతకురాలికి కూడ ఉంటుందని అంగీకరించిన కథ ఇది.

ఆధునిక చలనచిత్రం ఈ రెండు మార్గాలలో దేనిని అనుసరించినది? రస్కిన్ బాండ్ కథ ఆధారంగా విశాల్ భరద్వాజ్ దర్శకత్వంలో 2011లో వచ్చిన ‘సాత్ ఖూన్ మాఫ్’ ఈ విషయంలో ఆసక్తికరమైన ఉదాహరణ. నాయిక సుసానా ఒకరి తరువాత ఒకరిగా భర్తలను హతమారుస్తుంది. ఒకడు అసూయాపరుడు, ఒకడు మాదకద్రవ్యాలకు బానిస, ఒకడు పగలు సుకుమారమైన కవిత్వం చెప్పి రాత్రి హింసించేవాడు, ఒకడు వంచకుడు. ప్రతి హత్యకు ముందు భర్త దోషం నిరూపితమవుతుంది. ప్రేక్షకుడు ఆమెను ద్వేషించకుండ ఉండడానికి చేసిన ఏర్పాటిది. ఇల్లాలి పాత్ర విషమైన కథలో స్త్రీ పక్షాన నిలవాలన్న దర్శకుని సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. ప్రియాంకా చోప్రా నటనలో లోతు కూడ ఉన్నది. అయితే ప్రతి హత్యకు సమర్థన సిద్ధంగా ఉన్నచోట నిర్ణయం అనేది మిగలదు. పైగా ఈ కథను మనకు చెప్పేవాడు ఆమెను బాల్యంనుండి ఆరాధించిన యువకుడు. చివరకు ఆమె క్రీస్తును ఏడవ భర్తగా స్వీకరించి సన్యాసిని అవుతుంది. రాక్షసి అనే ముద్రనుండి తప్పించుకున్న సుసానా బాధితురాలు, భక్తురాలు అనే ముద్రలలో చిక్కుకున్నది. ఆరుగురిని చంపిన మనస్సు ఎటువంటిదో తెలుసుకొనే అవకాశం మనకు తిరిగి దూరమైనది.

వాస్తవ జీవితంలోని నేరాలను మనం గుర్తుంచుకునే తీరులో కూడ ఈ పురాణచ్ఛాయ కనిపిస్తుంది. మహారాష్ట్రలో 1990 నుండి 1996 వరకు పసిపిల్లలను అపహరించి, దొంగతనాలకు వాడుకొని, కొందరిని చంపిన కేసులో ఒక తల్లి, ఆమె ఇద్దరు కుమార్తెలు నిందితులు. విచారణ పూర్తి కాకముందే తల్లి మరణించినది. కుమార్తెల మరణశిక్షను సుప్రీంకోర్టు 2006లో ధ్రువపరచగా, క్షమాభిక్ష అర్జీల పరిష్కారంలో జరిగిన అసాధారణ జాప్యం కారణంగా 2022లో బొంబాయి హైకోర్టు దానిని యావజ్జీవ శిక్షగా మార్చినది. ఆ నేరాలు ఘోరమైనవి, వాటి బాధ్యత నుండి వారిని తప్పించే వాదన ఏదీ నిలవదు. అయితే ఆ కుటుంబంలోని ఒక పురుషుడు అప్రూవరుగా మారి క్షమాపణ పొందిన సంగతి ఎందరికి గుర్తున్నది? కేసు నిరూపణకు న్యాయశాస్త్రం అనుమతించిన మార్గమది, దానితో మనకు పేచీ లేదు. కాని ప్రజల స్మృతిలో మిగిలినది దారి తప్పిన మాతృత్వం ఒక్కటే. ఈ కేసు ఛాయలతో 2019లో వచ్చిన హిందీ చిత్రం ‘పోషమ్ పా’ కూడ తల్లీకూతుళ్ళ బంధాన్నే కేంద్రంగా తీసుకున్నది.

ఇదంతా కళాచర్చకు మాత్రమే సంబంధించిన విషయమైతే ఇంతగా విచారించనక్కరలేదు. శిశుహంతకి అన్న పురాణ బింబం నేరం చేయని స్త్రీల మీద కూడ పడుతూ వచ్చినది. మహాశ్వేతాదేవి బెంగాలీ కథ ‘బాయెన్’ దీనిని నిర్దాక్షిణ్యంగా చూపినది. రచయిత్రి దీనిని నాటకంగా కూడ మలచినది. చనిపోయిన పిల్లలను పూడ్చి, ఆ గుంతలను రాత్రులు కాపలా కాయడం చండీదాసి కులవృత్తి. తనకూ పసిబిడ్డ పుట్టిన తరువాత ఆ పనికి ఆమె మనస్సు ఎదురు తిరుగుతుంది. ఇంటివద్ద బిడ్డ ఆకలితో ఉండగా, శ్మశానంలో ఆమె చన్నులు పాలతో బరువెక్కుతాయి. ఆ పాలే ఆమెకు శాపమవుతాయి. చచ్చిన పిల్లలకు చన్నిచ్చే బాయెన్ అని ఊరు నిర్ణయిస్తుంది. భర్తయే డప్పు కొట్టి ఆ మాట చాటుతాడు. ఊరి వెలుపల ఒంటరిగా బ్రతికిన ఆమె, ఒక రాత్రి రైలును దోచడానికి దొంగలు పట్టాల మీద అడ్డు పెట్టడం చూచి, రైలును ఆపబోయి ప్రాణాలు విడుస్తుంది. ఆమె ఎవరని అధికారి అడిగినప్పుడు కుమారుడు భగీరథుడు ముందుకు వచ్చి తన తల్లి అని చెబుతాడు.

పూతన కథలోని ప్రతి అంశమూ ఇక్కడ తలక్రిందులైనది. పాలలో విషం లేదు, విషం చూచేవారి కన్నులలో ఉన్నది. ఆమెను నియోగించినది ఊరు, వెలివేసినది కూడ ఆ ఊరే. మంత్రగత్తె అనే నెపంతో స్త్రీలను హింసించడాన్ని నిరోధించడానికి బీహార్ 1999లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చినదంటే, చండీదాసి కల్పిత పాత్ర మాత్రమే కాదని స్పష్టమవుతుంది. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి అన్న అనుమానాలతో జరిగిన దాడులు మనకు తెలియనివి కావు. అక్కడ స్త్రీలతోపాటు పురుషులు కూడ బలి అయినారు. పిల్లలు చనిపోయినప్పుడు, పశువులు పడిపోయినప్పుడు వైద్యుని కంటె ముందు నేరస్థురాలిని వెదికే అలవాటుకు పురాణ బింబాలు భాషను సమకూర్చినవి.

హంతకురాలిని దయతో చిత్రించమని గాని, కఠినంగా చిత్రించమని గాని కళాకారులను ఎవరూ నిర్బంధించలేరు. వారిని కోరదగినది ఒకటి ఉన్నది. పూతనను చిత్రించేటప్పుడు కంసుని కూడ చిత్రపటంలో ఉంచాలి. విషకన్యకు ఒక పేరు పెట్టి, ఆమెను రంగం మీదకు రప్పించాలి. సుసానా వంటి నాయికకు సాకులు సమకూర్చే బదులు తాను చేసిన దానికి తానే సమాధానం చెప్పుకొనే సన్నివేశం కల్పించాలి. కథకళిలోని లలిత వెనుదిరగబోయి ఆగిపోయిన ఆ క్షణం మన కళాసంప్రదాయంలోనే ఉన్నది. అజంతా గుహలో హారీతి తన గతంతో సహా కూర్చుని ఉన్నది. కొత్త కథలు వ్రాసేవారు, చిత్రాలు తీసేవారు అక్కడ నుండి మొదలుపెట్టవచ్చును.