విజ్ఞాన పత్రికలు - వాటాల బజారు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు గల మార్గమున కళాశాలలు, శిక్షణ కేంద్రములు, పుస్తకాల అంగళ్లు కిక్కిరిసి యున్నవి. అచ్చటి ప్రైవేటు డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించు అధ్యాపకుడు ఒక పరిశోధన వ్యాసము చదువగోరినచో, కంప్యూటరు తెరపై పలుమార్లు సారాంశము మాత్రమే కనబడును. మిగిలినది చదువుటకు వెల చెల్లింపవలెను. ఒక్క వ్యాసమునకు రెండువేల రూపాయలు మించుట సామాన్యము.

ఆ వ్యాసము వ్రాసిన శాస్త్రజ్ఞునికి ప్రచురణకర్త పారితోషికము ఇచ్చి యుండడు. దానిని పరీక్షించి తప్పొప్పులు చెప్పిన తోటి శాస్త్రజ్ఞుడును సాధారణముగ ఉచితముగనే ఆ పని చేసి యుండును. పరిశోధనకైన వ్యయము చాలవరకు ప్రజాధనమే. ప్రచురణకర్త ఏమియు చేయడనుట అన్యాయము. సంపాదకత్వము, ముద్రణ, భద్రపరచుట అతని బాధ్యతలు. కాని ఎల్సెవియర్ గల రెలెక్స్ సంస్థ 2023 లెక్కలలో, ఈ విభాగపు రాబడి సుమారు 306 కోట్ల పౌనులు కాగా, లాభము 116 కోట్లకు పైమాటే! నూటికి 38 వంతున లాభము ఏ కిరాణా వ్యాపారియు కలలోనైన ఎరుగడు.

1842లో బెర్లినులో వెలసిన స్ప్రింగర్ సంస్థ చరిత్ర ఇంకను విచిత్రము. 2003లో సిన్వెన్, క్యాండోవర్ అను పెట్టుబడి సంస్థలు దానిని కొన్నవి. అటుపిమ్మట అది ఇ.క్యు.టి., జి.ఐ.సి. సంస్థల చేతికి వచ్చినది. 2013లో బి.సి.పార్ట్‌నర్స్ దానిని సుమారు 330 కోట్ల యూరోలకు కొన్నది. పదేండ్లలో ముగ్గురు యజమానులు!

ఇట్టి కొనుగోలును ప్రైవేటు ఈక్విటీ అందురు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకడు పుస్తకాల అంగడి కొనదలచి, వెలలో కొంత తాను పెట్టి, మిగిలినది అప్పు తెచ్చి, ఆ అప్పును అంగడి ఖాతాలోనే వ్రాసెననుకొందము. వడ్డీ అంగడి రాబడి నుండియే పోవలెను. నాలుగైదేండ్లలో దానిని ఎక్కువ వెలకు అమ్మివేయుట అతని సంకల్పము. అట్టివానికి ధరలు తగ్గించు తొందర యుండునా? అయినను అక్కడ ధర పెరిగినచో కొనువాడు ప్రక్క అంగడికి పోగలడు. పరిశోధన వ్యాసమునకు ప్రక్క అంగడి లేదు. ఒక పత్రికలో వెలువడిన ఫలితము మరొక పత్రికలో దొరకదు. పెట్టుబడిదారులను ఆకర్షించినది ఈ గుణమే.

2015లో నేచర్ పత్రిక ప్రచురణకర్తలతో కలిసి స్ప్రింగర్ నేచర్‌గ మారిన ఈ సంస్థ, 2018లో వాటాల విపణికి రాబోయి వెనుదిరిగి, 2024 అక్టోబరు 4న ఫ్రాంక్‌ఫర్టు విపణిలో 22.50 యూరోల వాటాతో ప్రవేశించినది. వచ్చిన సుమారు 60 కోట్ల యూరోలలో సంస్థకు చేరినది దాదాపు 20 కోట్లు. అదియు అప్పు తీర్చుటకే. మిగిలినది చాలవరకు బి.సి.పార్ట్‌నర్స్‌కు చేరినది.

విపణిలో చేరిన సంస్థ ఏటేట వృద్ధి చూపవలెను. పాఠకునికి బదులు రచయిత రుసుము చెల్లించు పద్ధతిలో, వ్యాసములు పెరిగినకొలది రాబడి పెరుగును. నేచర్ పత్రిక 2020లో ఇందుకు ప్రకటించిన రుసుము 9,500 యూరోలు, అనగా ఎనిమిది లక్షల రూపాయలకు పైమాటే. న్యూయార్కు విపణిలో నున్న వైలీ సంస్థ 2021లో హిందావి అను ప్రచురణ సంస్థను కొన్నది. 2023లో హిందావి పత్రికల నుండి 8,000కు పైగా వ్యాసములు నమ్మదగనివని ఉపసంహరింపబడినవి. సంఖ్యయే లాభమైనప్పుడు పరీక్ష సడలుటలో వింత లేదు. విద్యార్థి పాఠ్యపుస్తకము ఈ వ్యాసముల పునాదిపైననే లేచును గదా!

భారత ప్రభుత్వము 2024 నవంబరులో 'ఒకే దేశము, ఒకే చందా' పథకమును ఆమోదించినది. 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. మేలైన పనియే. కాని వెల తగ్గినదనలేము. చెల్లించువాడు మాత్రమే మారెను. మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే పరిమితమగుటచే ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థికి లభించునది, అదే నగరమందలి ఎల్.బి.నగర్ ప్రైవేటు కళాశాల విద్యార్థికి లభింపదు.

మరొక మార్గమును కలదు. సర్ సి.వి.రామన్ 1934లో స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీకి వాటాదారులు లేరు. 2007 నుండి తన పత్రికలను స్ప్రింగర్‌తో కలిసి ప్రచురించుచున్నను, వ్యాసములను తన స్వంత వెబ్‌సైటులో ఉచితముగ నుంచినది. 1996లో ఆరంభమైన 'రెజొనెన్స్' మాసపత్రిక విద్యార్థులకును, అధ్యాపకులకును ఉద్దేశింపబడినదే. దాని పాత సంచికలను ఎవరైనను అచ్చట చదువవచ్చును.